వ్యాక్స్ ఇంకా నడుస్తోందంటే అది లైసెన్సు చలవే

2021 డిసెంబరు 31తో వ్యాక్స్ అనే పాత మినీకంప్యూటర్ల మీద వాటి సొంత ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్‌ను నడుపుకునే హాబీ లైసెన్సులన్నిటికీ గడువు తీరిపోయింది. ఆ మర్నాడు కూడా యంత్రాలు పనిచేస్తూనే ఉన్నాయి, వాటి డిస్కుల మీద వీఎంఎస్ కూడా నిక్షేపంగా ఉంది. కానీ ఆ సిస్టమ్ సరిగ్గా నడవాలంటే లైసెన్సు కీలు ఎక్కించాలి. హాబీ కోసం వాడుకునేవాళ్లకు ఆ కీలను ఎప్పటికప్పుడు కొత్త గడువుతో ఇచ్చే పథకాన్ని ఆపేస్తున్నామని హెచ్‌పీ నుంచి విడిపోయిన హెచ్‌పీఈ కంపెనీ 2020లోనే చెప్పేసింది. 2014లో వీఎంఎస్ బాధ్యత తీసుకున్న వీఎస్‌ఐ అనే కంపెనీ ఆల్ఫా, ఇటానియం, ఇప్పటి ఎక్స్86 యంత్రాల సంగతి చూస్తుంది. వ్యాక్స్ దాని పరిధిలోకి రాదు. వ్యాక్స్‌కు ఆఖరి వీఎంఎస్ 2001లో వచ్చిన 7.3. యంత్రంతోపాటే శాశ్వత లైసెన్సు కొనుక్కున్నవాళ్ల సంగతి వేరు. ఎవరో వదిలించుకుంటున్న వ్యాక్స్‌ను పాత సామాన్లోంచి ఇంటికి తెచ్చుకున్న నాలాంటివాళ్లకు మాత్రం ఆ తలుపు మూసుకుపోయింది.

అదే యంత్రం మీద నెట్‌బీఎస్‌డీ 10 నడుస్తుంది. 2024 మార్చిలో విడుదలైన ఆపరేటింగ్ సిస్టమ్ అది. దించుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు, కీలు లేవు, గడువు లేదు. వ్యాక్స్‌ను తయారుచేసిన డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్‌ను, అంటే అందరూ డెక్ అని పిలిచే కంపెనీని, 1998లో కాంపాక్ కొనేసింది. కాంపాక్‌ను 2002లో హెచ్‌పీ కలిపేసుకుంది. చేతులు మారిన ప్రతిసారీ వీఎంఎస్ భవిష్యత్తు కొత్త యజమాని ఇష్టాయిష్టాల మీద ఆధారపడింది. నెట్‌బీఎస్‌డీకి ఆ బాధ లేదు. పాత కంప్యూటర్‌ను బతికించేది విడిభాగాలు కాదు, దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్‌ని చదవడానికి, మార్చడానికి, పదిమందికీ పంచడానికి మనకున్న హక్కు అని నేను గట్టిగా నమ్ముతాను. విడిభాగాలు ఎలాగోలా దొరుకుతాయి, దొరక్కపోతే ఎవరో ఒకరు కొత్తవి తయారుచేస్తారు. హక్కు లేకపోతే మాత్రం ఎంత తెలివి ఉన్నా ఏమీ చేయలేం.

మినీకంప్యూటర్లంటే, 1960ల్లో, 70ల్లో గదులకు గదులు ఆక్రమించే మెయిన్‌ఫ్రేమ్ కొనే స్తోమత లేని ప్రయోగశాలలు, కాలేజీలు కొనుక్కున్న యంత్రాలు. మసాచుసెట్స్‌లోని మేనార్డ్ అనే చిన్న ఊళ్లో, పాత ఉన్ని మిల్లులో 1957లో మొదలైన డెక్ ఈ రంగానికి పెద్దన్న. 1965లో 12 బిట్ల పీడీపీ-8, 1970లో 16 బిట్ల పీడీపీ-11, 1977 అక్టోబరులో 32 బిట్ల వ్యాక్స్-11/780. ఆ 780 గడియారం వేగం 5 మెగాహెర్ట్జ్. దాన్ని లేపడానికి లోపల ఎల్‌ఎస్‌ఐ-11 అనే ఇంకో చిన్న కంప్యూటర్, దానికో ఎనిమిది అంగుళాల ఫ్లాపీ. పెద్ద పెద్ద బీరువాలు, మూడు ఫేజుల కరెంటు. నా దగ్గరున్నది అంత పెద్దది కాదు. ఆ వంశంలోనే చివరి తరాలకు చెందిన మైక్రోవ్యాక్స్ 3100, బల్ల కింద పట్టే పెట్టె. ఇది మినీ కాదని వాదించేవాళ్లున్నారు. 780 కోసం రాసిన ప్రోగ్రామ్ దీని మీదా నడుస్తుంది కాబట్టి నాకు ఆ వాదనతో పని లేదు.

నెట్‌బీఎస్‌డీకి మూలమైన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ చరిత్రలో వ్యాక్స్ స్థానం తెలిస్తే గాని నెట్‌బీఎస్‌డీ దీని మీద నడవడంలోని అందం అర్థం కాదు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో పీడీపీ-7 మీద యూనిక్స్ మొదలుపెట్టారు. అది పీడీపీ-11 మీద పెరిగింది. 1979లో వ్యాక్స్‌కు తెచ్చిన 32వీ అనే రూపంలో వర్చువల్ మెమరీ (డిస్కును అదనపు మెమరీలా వాడుకునే పద్ధతి) లేదు. అంత చక్కటి హార్డ్‌వేర్ ఉండీ దాన్ని వాడుకోలేదన్నమాట. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఓజాల్ప్ బాబావోలు, బిల్ జాయ్ ఆ లోటు తీర్చారు. అదే 3బీఎస్‌డీ. బీఎస్‌డీ అంటే బర్కిలీ యూనిక్స్. 1983లో 4.2బీఎస్‌డీతో, ఇంటర్నెట్ మాట్లాడే భాష టీసీపీ/ఐపీ వచ్చింది. ఇవాళ మనం వాడే నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్‌లో సాకెట్ అనే పద్ధతి పుట్టింది వ్యాక్స్ మీదే.

కానీ ఆ బీఎస్‌డీ అప్పటికి ఉచితం కాదు. లోపల బెల్ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ కోడ్ ఉండటంతో దాని సోర్స్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్‌ను, చదవాలంటే ఏటీ అండ్ టీ సోర్స్ లైసెన్సు ఉండాలి. బర్కిలీవాళ్లు ఆ కోడ్‌ని ఒక్కొక్కటిగా తిరగరాస్తూ 1991లో నెట్‌వర్కింగ్ రిలీజ్ 2 అని విడుదల చేశారు. మరుసటి ఏడాదే ఏటీ అండ్ టీ తాలూకు యూఎస్‌ఎల్ అనే కంపెనీ కోర్టుకెక్కింది. 1994 మొదట్లో రాజీ కుదిరింది. ఆ విడుదలలో ఉన్న సుమారు 18,000 ఫైళ్లలో మూడింటిని తీసేయాలి, ఇంకో డెబ్భై దాకా ఫైళ్లలో యూఎస్‌ఎల్ కాపీరైట్ నోటు చేర్చాలి, అక్కడక్కడా చిన్న మార్పులు చేయాలి. అంతే. అంత పెద్ద గొడవకు చివరికి తేలింది మూడు ఫైళ్లు. ఆ రాజీ తర్వాతే 4.4బీఎస్‌డీ-లైట్ ఎలాంటి మచ్చా లేకుండా బయటికొచ్చింది. 1993లో పుట్టిన నెట్‌బీఎస్‌డీ తన కోడ్‌ని దాని మీదకు మార్చుకుంది.

తర్వాత జరిగింది నాకు చాలా ఇష్టమైన ఘట్టం. వ్యాక్స్ మీద పెరిగిన కోడ్, ఏటీ అండ్ టీ ముక్కలు వదిలించుకుని, ముందు ఇంటెల్ 386కు వలస పోయింది. అక్కడి నుంచి నెట్‌బీఎస్‌డీ అయింది. 1990ల మధ్యలో స్వీడన్ ఉత్తరాన ఉన్న లూలియోలో ఆండర్స్ మాగ్నుసన్ అనే ప్రోగ్రామర్ నడుం కట్టి దాన్ని మళ్లీ వ్యాక్స్ మీదకు తెచ్చాడు. డెక్ ఆయన్ని అడగలేదు, ఆయనా డెక్‌ను అడగలేదు. సోర్స్ చేతిలో ఉంది, వ్యాక్స్ ఆర్కిటెక్చర్ మాన్యువళ్లు అచ్చులో ఉన్నాయి, యంత్రం ఎదురుగా ఉంది. ఈ మూడూ ఉంటే చాలు.

యంత్రం లేచే తీరు దగ్గరగా చూపిస్తాను. మేం ఉండేది మసాచుసెట్స్‌లో. డెక్‌లో పనిచేసి రిటైరైనవాళ్లు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు, వాళ్ల బేస్‌మెంట్లలోంచి ఇలాంటివి ఇప్పటికీ బయటికొస్తుంటాయి. నా మైక్రోవ్యాక్స్ కూడా అలా వచ్చిందే. దీనికి తెర ఉండదు, సీరియల్ తీగతో టెర్మినల్ కలపాలి. స్విచ్ వేయగానే సెల్ఫ్ టెస్ట్ మొదలవుతుంది. టెర్మినల్ మీద హెక్సాడెసిమల్‌లో ఎఫ్ నుంచి కిందికి, ఈ, డీ, సీ అంటూ, ఒక్కో అక్షరం పక్కన చుక్కలు పడుతూ లెక్క సాగుతుంది. ఏ భాగమైనా పరీక్ష తప్పితే ఆ అక్షరం పక్కన ప్రశ్న గుర్తు పడుతుంది. ఆ లెక్క ఒకటి దాకా వచ్చేవరకు ప్రతిసారీ నాకు కాస్త టెన్షనే, ముప్ఫై ఏళ్లు దాటిన కెపాసిటర్లను ఎంతని నమ్మగలం? అంతా బాగుంటే మూడు బాణం గుర్తులు (>>>) వచ్చి ఆగుతుంది. అక్కడ ఈథర్‌నెట్ నుంచి బూట్ చేయమని చెప్తాను. యంత్రం మాప్ అనే డెక్ సొంత ప్రోటోకాల్‌లో ఇంటి నెట్‌వర్క్ మీద కేక వేస్తుంది: నన్ను లేపేవాళ్లెవరైనా ఉన్నారా అని. ఇప్పటి రౌటర్లకు, సర్వర్లకు ఆ భాష తెలియదు. నెట్‌బీఎస్‌డీలో మాత్రం ఆ కేకకు జవాబిచ్చే మాప్‌డీ అనే ప్రోగ్రామ్ సిస్టమ్‌తోపాటే వస్తుంది. పక్కనున్న ఇంకో నెట్‌బీఎస్‌డీ యంత్రం బూట్ ప్రోగ్రామ్‌ని పంపుతుంది, అది ఎన్‌ఎఫ్‌ఎస్ అనే ఫైళ్లు పంచుకునే పద్ధతిలో కెర్నల్‌ని, అంటే సిస్టమ్ గుండెకాయని, తెచ్చుకుంటుంది. డెక్ కంపెనీ లేకుండా పోయిన ఇన్నేళ్ల తర్వాత కూడా డెక్ ప్రోటోకాల్‌కు బదులు పలికే కోడ్‌ని ఎవరో చెడిపోకుండా చూస్తున్నారు.

డిస్కు విషయంలో తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. స్కజీ అనే పాత పద్ధతిలో కంప్యూటర్‌కు కలిసే డిస్కులు చచ్చిపోతున్నాయి కాబట్టి మెమరీ కార్డును స్కజీ డిస్కులా చూపించే చిన్న బోర్డులు పెట్టుకుంటున్నాం. ఆ బోర్డుల్లోనూ సోర్స్ బయటపెట్టినవి ఉన్నాయి. ఇప్పుడు ఒక గిగాబైట్ కార్డు కొందామన్నా దొరకడం కష్టం, దాదాపు అన్నీ పెద్దవే. అయితే ఆ తరం వ్యాక్స్ రోమ్‌లో, అంటే ఫ్యాక్టరీలోనే కోడ్ రాసి పెట్టిన చిప్‌లో, ఉన్న డిస్కు కోడ్ పాతకాలపు ఆరు బైట్ల స్కజీ ఆదేశాలనే వాడుతుంది. ఆ ఆదేశంలో బ్లాకు నంబరుకు 21 బిట్లే చోటుంది. అంటే 20,97,152 బ్లాకులు, ఒక్కోటి 512 బైట్లు, వెరసి 1,07,37,41,824 బైట్లు. ఆ హద్దు దాటిన చోటికి రోమ్ కోడ్ చేరలేదు, లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలై తప్పు బ్లాకు మీద పడుతుంది. రోమ్‌ను మార్చలేం, దాని సోర్స్ మన చేతిలో లేదు. నెట్‌బీఎస్‌డీ కెర్నల్ ఒకసారి లేచాక రోమ్‌ను పక్కన పెట్టి తన సొంత డ్రైవర్‌తో, పెద్ద ఆదేశాలతో డిస్కును చదువుతుంది. బూట్ కావాల్సిన భాగం మొదటి గిగాబైట్‌లో ఉంటే చాలు, మిగతా కార్డంతా వాడుకోవచ్చు. ఒకే పెట్టెలో సోర్స్ లేని కోడ్ పక్కనే సోర్స్ ఉన్న కోడ్ ఉంది. ఒకటి ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, రెండోది దాన్ని దాటుకుని పోయింది.

ఇక నేను తరచూ వినే అభ్యంతరం. "సరే, పాత యంత్రం మీద మోజు ఉంటే దాని కాలం నాటి 4.3బీఎస్‌డీ వేసుకోండి. 2024 నాటి సిస్టమ్‌ని దీని మీద మోయించడం దేనికి? ఇప్పటి ప్రోగ్రామర్లకి ఇదంతా గుదిబండ కదా?" ఈ ప్రశ్న వేసేవాళ్లలో నేను గౌరవించే ఇంజినీర్లు ఉన్నారు, కాబట్టి తీరిగ్గానే జవాబు చెప్పాలి.

వ్యాక్స్‌లో దశాంశ సంఖ్యల పద్ధతి వేరు. ఇవాళ దాదాపు అన్ని ప్రాసెసర్లూ పాటించే ఐఈఈఈ 754 ప్రమాణం 1985లో వచ్చింది, వ్యాక్స్ దానికంటే ముందుది. వ్యాక్స్‌లో అనంతం లేదు, "సంఖ్య కాదు" అని చెప్పే నాన్ విలువ లేదు, రుణ సున్నా లేదు. చిహ్నం బిట్ ఒకటిగా, ఘాతం సున్నాగా ఉన్న బిట్ల వరుసను సంఖ్య అనుకుని ముట్టుకుంటే ప్రాసెసర్ అక్కడికక్కడే ఫాల్ట్ ఇస్తుంది. సీ భాషలో డబుల్ అని మనం రాసే సంఖ్య రకానికి గరిష్ఠ విలువ సుమారు 1.7 × 10^38 మాత్రమే. ఇప్పటి ప్రాసెసర్లలో అది 10^308 దాకా పోతుంది. ఇప్పుడు ఎవరో తమ సీ ప్రోగ్రామ్‌లో "ఇంతకంటే పెద్దది రాదులే" అని 1e300 (అంటే 10^300) అని రాసేస్తారు. వ్యాక్స్ మీద ఆ సంఖ్య పట్టదు. చూసినవాళ్లు వ్యాక్స్‌దే తప్పంటారు. కానీ సీ ప్రమాణం డబుల్‌కు హామీ ఇచ్చే కనీస గరిష్ఠం 10^37 మాత్రమే. అంటే ప్రమాణం ప్రకారం వ్యాక్స్ నూటికి నూరు శాతం సక్రమంగానే ఉంది, తప్పు ఆ ప్రోగ్రామ్‌ది. రాసినవాళ్లకు తెలియకుండానే ఒక ఊహ కోడ్‌లోకి దూరింది. దాన్ని పట్టుకునే యంత్రం ఇప్పుడు ఎంతమంది దగ్గరుంది?

పైథాన్ భాష 2022లో వచ్చిన 3.11 నుంచి ఐఈఈఈ 754 ఉంటే గాని బిల్డ్ కాదని తేల్చి చెప్పింది. ఆ నిర్ణయంతో నాకు పేచీ లేదు. ఊహను ఊహగా బయటికి చెప్పారు, అది మంచి పద్ధతే. నాకు బాధ కలిగించేది చెప్పకుండా ఊహించుకునే కోడ్.

ఇందులో చరిత్ర తిరగబడిన తీరు చూడండి. 1980ల్లో సీ ప్రోగ్రామర్ల మీద ఉన్న పెద్ద ఫిర్యాదు "వీళ్లకు ప్రపంచమంతా వ్యాక్సే" అన్నది. అప్పటి బీఎస్‌డీలో సున్నా అడ్రసును చదివినా ప్రోగ్రామ్ కూలదు, అక్కడ సున్నాయే దొరుకుతుంది. దాంతో ఖాళీ పాయింటర్‌ను (ఎక్కడికీ చూపని అడ్రసును) చూడకుండా వాడేసే కోడ్ బోలెడు పుట్టింది. అదే కోడ్‌ని వేరే యంత్రాల మీదకు తీసుకెళ్తే ఎక్కడికక్కడ కూలిపోయేది. అప్పట్లో అందరి అజాగ్రత్తకూ కారణమైన యంత్రం ఇప్పుడు మైనారిటీలో పడి, "ప్రపంచమంతా 64 బిట్ల ఇంటెల్, ఆర్మ్ చిప్పులే" అనుకునేవాళ్ల అజాగ్రత్తను బయటపెడుతోంది. ఈ పని 4.3బీఎస్‌డీ చేయలేదు. పాత కోడ్‌ని పాత యంత్రం మీద నడిపితే పాత తప్పులే తెలుస్తాయి. ఇవాళ రాసిన కోడ్ దీని మీద కంపైల్ కావాలి, అప్పుడే ఇవాళ్టి తప్పు దొరుకుతుంది.

గుదిబండ అన్న మాటకొస్తే, నెట్‌బీఎస్‌డీని కట్టిన తీరే వేరు. లాన్స్ అనే ఈథర్‌నెట్ చిప్ నా మైక్రోవ్యాక్స్‌లో ఉంది, పాత సన్ యంత్రాల్లో ఉంది, అమీగా కంప్యూటర్ల కార్డుల్లోనూ ఉంది. వీటన్నిటికీ చిప్‌ను నడిపే డ్రైవర్ ఒకటే, యంత్రానికో చిన్న తొడుగు మాత్రం వేరుగా ఉంటుంది. ఒకచోట సరిచేస్తే అన్నిచోట్లా సరవుతుంది. పరికరాలు మెమరీతో మాట్లాడే పనిని యంత్రం వివరాల నుంచి విడదీసిన బస్-డీఎంఏ పద్ధతి ఈ రకరకాల యంత్రాల ఒత్తిడి వల్లే 1990ల్లో నెట్‌బీఎస్‌డీలో పుట్టింది. తర్వాత దాని సోదర సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ కూడా దాన్ని తీసుకుంది. ఇన్ని యంత్రాలు మోయాల్సి రావడం వల్లే కోడ్‌కు ఆ క్రమశిక్షణ అబ్బింది. పైగా వ్యాక్స్ కోసం సిస్టమ్ అంతా బిల్డ్ చేయాలంటే వ్యాక్స్ అక్కర్లేదు. 2002 నాటి 1.6 వెర్షన్ నుంచి ఒక్క స్క్రిప్టుతో ఏ లినక్స్ ల్యాప్‌టాప్ మీదనైనా వ్యాక్స్ కెర్నల్, యూజర్ ప్రోగ్రాములు అన్నీ తయారవుతాయి. అదే పని నా మైక్రోవ్యాక్స్ మీద చేయిస్తే వారాలు పడుతుంది.

పాత సిస్టమ్‌లు వేసుకోండనేవాళ్లకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2038 జనవరి 19న, 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల యూనిక్స్ గడియారం నిండిపోతుంది. నెట్‌బీఎస్‌డీ 2012లో వచ్చిన 6.0 నుంచి అన్ని యంత్రాల మీదా కాలాన్ని 64 బిట్లలో లెక్కిస్తోంది, వ్యాక్స్ మీద కూడా. కాబట్టి ఈ 1977 నాటి ఆర్కిటెక్చర్ ఆ రోజును మామూలు రోజులాగే దాటుతుంది. లిఫ్టుల్లో, మీటర్లలో, ఫ్యాక్టరీ గోడలకు బిగించిన పెట్టెల్లో సోర్స్ దొరకని 32 బిట్ల కోడ్ ఎంత ఉందో తలుచుకుంటే నాకు ఆందోళనగా ఉంటుంది.

హక్కు ఒక్కటే సరిపోతుందా అంటే, సరిపోదు. ఈ మాట దాచడం నిజాయితీ కాదు. వ్యాక్స్‌కు లినక్స్ తెచ్చే ప్రయత్నం ఒకటి నడిచింది, అది ప్రధాన కెర్నల్‌లోకి చేరకుండానే ఆగిపోయింది. నెట్‌బీఎస్‌డీ నుంచి చీలిన ఓపెన్‌బీఎస్‌డీ 2016 నాటి 5.9తో వ్యాక్స్‌ను వదిలేసింది. రెండిటి సోర్సూ తెరిచే ఉంది. లేనిది చేసే చేతులు. కంపైలర్ (కోడ్‌ని యంత్రం భాషలోకి మార్చే ప్రోగ్రామ్) దగ్గర అయితే ప్రమాదం అంచుదాకా వచ్చింది. వ్యాక్స్‌లో దాదాపు ప్రతి ఇన్‌స్ట్రక్షనూ కండిషన్ ఫ్లాగులను (ఫలితం సున్నానా, రుణమా అని గుర్తుంచుకునే బిట్లను) మారుస్తుంది. దాన్ని జీసీసీ అనే కంపైలర్ లోపల సూచించే పాత పద్ధతిని తీసేయాలని ఆ బృందం నిర్ణయించింది, కొత్త పద్ధతికి మారని ప్రాసెసర్లను వదిలేస్తామంది. 2020 చివర్లో ఒక డెవలపర్ పూనుకుని వ్యాక్స్ భాగాన్ని తిరగరాశాడు. అది జీసీసీ 11లో చేరింది. ఆ పని జరగకపోతే కొత్త కంపైలర్లన్నీ వ్యాక్స్‌కు దూరమయ్యేవి.

అయితే చేతులు లేకపోవడానికీ హక్కు లేకపోవడానికీ హస్తిమశకాంతరం ఉంది. ఓపెన్‌బీఎస్‌డీ వ్యాక్స్ కోడ్‌ని రేపు ఎవరైనా తీసి మళ్లీ మొదలుపెట్టొచ్చు, వద్దనేవాళ్లు లేరు. వీఎంఎస్ 7.3కు ఆ అవకాశం లేదు. వీఎంఎస్ చిన్న సిస్టమేమీ కాదు, క్లస్టరింగ్‌లో (చాలా యంత్రాలను ఒకటిగా నడిపే పద్ధతిలో) యూనిక్స్ కంటే ఎన్నో ఏళ్లు ముందుంది. అంత గొప్ప పనితనం ఒక తేదీ దగ్గర ఆగిపోవడం నాకు బాధగా ఉంది. మన రైల్వే రిజర్వేషన్ ఆ వంశంలోదే. 1980ల మధ్యలో ఢిల్లీలో కంప్యూటర్ టికెట్లు మొదలైంది వ్యాక్స్‌ల మీదే. తర్వాత రైల్వేల సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ రాసిన కన్సర్ట్ సాఫ్ట్‌వేర్ వీఎంఎస్ మీద నడిచేది. దాన్ని 1994లో మొదటగా పెట్టింది సికింద్రాబాద్‌లో.

"అసలు యంత్రం ఎందుకు, సిమ్యులేటర్ చాలదా" అనే ప్రశ్నకు జవాబు: మొదలుపెట్టడానికి చాలు, మొదలుపెట్టాల్సింది కూడా అక్కడే. డెక్‌లోనే పనిచేసిన బాబ్ సుప్నిక్ 1993లో మొదలుపెట్టిన సిమ్‌హెచ్ మీద, అంటే పాత యంత్రాలను అనుకరించే ప్రోగ్రామ్ మీద, వ్యాక్స్ 3900 నుంచి 780 దాకా నడుస్తాయి, నెట్‌బీఎస్‌డీ దాని మీద హాయిగా ఎక్కుతుంది. కరెంటు ఖర్చు గురించి ఆలోచించేవాళ్లకు అదే మంచిది. నేను కూడా అసలు యంత్రాన్ని పని ఉన్నప్పుడే వేస్తాను, కొత్త సిస్టమ్ దాని మీద ఎంత నెమ్మదో నాకు తెలుసు. ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీద భద్రంగా కలిసే పద్ధతిలో) లోపలికి వెళ్లడానికే నిమిషాలు పడుతుంది, ఇప్పటి ఎన్‌క్రిప్షన్ లెక్కలు దానికి కొండంత పని. కానీ సిమ్యులేటర్ ఒక మాట చెప్పి నెట్‌బీఎస్‌డీ ఇంకో మాట చెప్పినప్పుడు తీర్పు చెప్పేది అసలు చిప్పే.

సిమ్యులేటర్‌కూ ఇదే లైసెన్సు గొడవ తప్పలేదు. 2022లో సిమ్‌హెచ్ ప్రధాన శాఖలో, డిస్కు ఇమేజ్ ఫైళ్ల (డిస్కుకు నకళ్లుగా ఉండే ఫైళ్ల) చివర అదనపు సమాచారం రాసే మార్పు మీద తగువు వచ్చింది. చివరికి లైసెన్సులో కొత్త షరతు చేరింది. దాంతో మిగతావాళ్లు, సుప్నిక్ సహా, ఎంఐటీ లైసెన్సుతో ఓపెన్ సిమ్‌హెచ్ అని వేరు కుంపటి పెట్టుకున్నారు. పాత కోడ్ లైసెన్సు అందుకు ఒప్పుకుంది కాబట్టే పెట్టుకోగలిగారు.

పీడీపీ-11 సంగతి రెండు మాటల్లో. 16 బిట్ల యంత్రం కాబట్టి నెట్‌బీఎస్‌డీ దాని మీద పట్టదు. అక్కడ 2.11బీఎస్‌డీ ఉంది, 1990ల మొదట్లో వచ్చినా దానికి ఇప్పటికీ ప్యాచ్‌లు వస్తున్నాయి. అందులోని ఏటీ అండ్ టీ మూలాలు కూడా 2002 జనవరిలో విడుదలయ్యాయి. అప్పటికి యూనిక్స్ వ్యాపారం చేతిలో ఉన్న కాల్డెరా కంపెనీ యూనిక్స్ మొదటి ఏడు ఎడిషన్లకూ, 32వీకీ బీఎస్‌డీ తరహా లైసెన్సు ఇస్తూ ఒక ఉత్తరం రాసింది. ఆ ఒక్క ఉత్తరంతో లోకంలోని పీడీపీ-11 ప్రేమికులందరూ చట్టం కళ్లలో సక్రమమైపోయారు.

ఈ ఉత్తరం దగ్గరే నాకు హైదరాబాద్ గుర్తొస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారి చేతుల మీద 1967లో మొదలైన ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) అక్కడ మినీకంప్యూటర్లు తయారుచేసింది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న 12 బిట్ల టీడీసీ-12, తర్వాత టీడీసీ-312, 1970ల మధ్యలో 16 బిట్ల టీడీసీ-316. ఈసీఐఎల్ బస్సెక్కి ఏఎస్‌రావు నగర్‌లో దిగే పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? మన ఊళ్లోనే హార్డ్‌వేర్ కట్టారు, దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ రాశారు, దేశంలోని ప్రయోగశాలలకు, కాలేజీలకు పంపారు. డెక్ యంత్రాలకు జరిగిన మంచి వీటికీ జరగాలని నా కోరిక.

అందుకు కావాల్సినవి రెండే. ఆ యంత్రాల మీద పనిచేసినవాళ్ల ఇళ్లలో మాన్యువళ్లు, సోర్స్ లిస్టింగులు, పేపర్ టేపులు, సర్క్యూట్ డ్రాయింగులు ఏమున్నా పాత పేపర్లవాడికి వేయకండి. టేపు చినిగినా, కాగితం పచ్చబడినా ఫర్వాలేదు, స్కాన్ చేయొచ్చు. రెండోది ఈసీఐఎల్ చేయాలి: కాల్డెరా రాసినట్టు టీడీసీ సాఫ్ట్‌వేర్, మాన్యువళ్లు ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని ఒక ఉత్తరం. అది ప్రభుత్వ రంగ సంస్థ, ఆ కోడ్‌కు జీతాలిచ్చింది ప్రజలు. 12 బిట్ల యంత్రానికి సిమ్యులేటర్ రాయడం ఇంజినీరింగ్ పిల్లలకు ఒక సెమిస్టర్ ప్రాజెక్టు. టీడీసీ-12 ఇన్‌స్ట్రక్షన్ల మాన్యువల్ చేతికొచ్చిన రోజు ఆ ప్రాజెక్టుకు సాయం చేయడానికి, మొదటి కోడ్ రాసి పెట్టడానికి నేను సిద్ధం.